నది దాటితే కార్తీకం

శరదృతువులో శంఖినీ నదిని చూడని కళ్ళు ఉన్నా లేనట్టే అని కదంబగిరి ఆస్థాన కవులు రాశారు. వాళ్ళలో ఒక్కరూ నది దాకా వచ్చిన పాపాన పోలేదు గాని, రాసింది మాత్రం నిజమే. రెండు ఒడ్లా రెల్లు పూచింది. వెండి జరీ అంచుల మధ్య పరిచిన నీలి పట్టుచీరలా ఉంది నది. ఇసుక తిన్నెల మీద కొంగలు ఒంటికాలి మీద నిలబడి, విందుకు ఇంకా పిలవలేదేమిటని చూస్తున్న పెళ్ళిపెద్దల్లా మెడలు చాస్తున్నాయి. పొద్దు పొడిచి మూడు గడియలైంది. నీళ్ళు తేటగా ఉండి అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి.

ఆ నది మధ్యలో, గుండ్రటి పుట్టిలో, మేకవెంట్రుకల గడ్డం పెట్టుకుని, చంకలో తాటాకుల పంచాంగం ఇరికించుకుని కూర్చున్న సిద్ధాంతి అసలు పేరు చెంగల్వ. ఆమెకు ఇరవై ఏళ్ళు. గడ్డానికి మాత్రం అరవై ఉంటాయి.

కదంబగిరి కోటలో గడియలు కొట్టే ఇంటి పిల్ల ఆమె. అడుగున సన్నని చిల్లున్న రాగి గిన్నెను నీళ్ళ తొట్టిలో వదలాలి. అది నిండి మునిగినప్పుడల్లా కంచు గంట మీద ఒక దెబ్బ వెయ్యాలి. గిన్నె ఒకసారి మునిగితే ఒక గడియ. పగలు ముప్పై, రాత్రి ముప్పై. ఏడు తరాలుగా ఆ ఇంటివాళ్ళు చేసిందల్లా గిన్నె మునగడం చూడడమే. అందుకని ఆ ఇంట్లో ఎవరికీ తొందర తెలియదు.

ఆమె అన్న పైడన్నకు ఒక దురదృష్టం పట్టింది. అతను అచ్చం యువరాజు జయకేతనుడిలా ఉంటాడు. మూడు నెలల కిందట ధూమ్రగిరి మాంత్రికుడు ధూమ్రకేశుడు, యువరాజును తనకు బందీగా పంపకపోతే శంఖినీ నదిని ఎండగడతానని కబురు పెట్టాడు. రాజుగారు పైడన్నకు పట్టుబట్టలు కట్టించి, ముత్యాల తలపాగా పెట్టించి, వీధి గుమ్మం దాకా వచ్చి కన్నీళ్ళతో సాగనంపారు. ఆ కన్నీళ్ళు చూసి, పంపుతున్నది నిజంగా యువరాజునేనేమోనని మంత్రులకే అనుమానం వచ్చింది. అసలు యువరాజు ఆ సమయానికి లోపలి మందిరంలో ఉయ్యాల మీద నిద్రపోతున్నాడు.

తర్వాత మాంత్రికుడి దగ్గర్నుంచి లేఖ వచ్చింది. కాలనాగు విడిచిన కుబుసం తెచ్చి ఇవ్వాలి. దాన్ని ఒంటికి చుట్టుకున్నవాడికి ముసలితనం రాదు. కార్తీక బహుళ నవమి నాటి మిట్టమధ్యాహ్నానికి అది అందకపోతే బందీని బలి ఇస్తానని రాశాడు. రాజుగారు ఆ లేఖను రెండుసార్లు చదివి, భద్రంగా దాచమన్నారు. అంతకు మించి ఏమీ చెయ్యలేదు.

చెంగల్వ తానే బయలుదేరింది. కాలనాగు పడమటి కొండల్లోని పుట్ట మీద, ఏడాదికి ఒక్క నాగుల చవితి నాడే కుబుసం విడుస్తుందని ఆమె విన్నది. నాగుల చవితి దీపావళి వెళ్ళిన నాలుగో రోజు. గడువు ఆ తర్వాత ఇరవై రోజులకు. ఇవాళ ఆశ్వయుజ బహుళ నవమి, దీపావళే ఇంకా రాలేదు. ఎటు లెక్క వేసినా సరిగ్గా నెల ఉంది. ఈలోగా అన్న ఎలా ఉన్నాడో ఒక కంట చూసి, అటు నుంచి పడమటికి పోదామని ఆమె నది దాటుతోంది.

పుట్టి నడిపే ఆమె పేరు బంగారి. తెడ్డు తప్ప దేన్నీ లెక్కచెయ్యని మనిషి. ఆమె ఎదురుగా ప్రమిదల గంప ఒళ్ళో పెట్టుకుని కుమ్మరి సూరాలు కూర్చుంది.

"మీ ఒడ్డున దీపావళికి దివ్వెలెందుకు పెడతారమ్మా?" గొంతు బొంగురు చేసుకుని అడిగింది చెంగల్వ. సిద్ధాంతి వేషం వేసినవాళ్ళు ఏదో ఒకటి అడుగుతూ ఉండాలి. లేకపోతే ఎదుటివాళ్ళు అడగడం మొదలుపెడతారు.

"ఎందుకేంటి సాములూ, చచ్చిపోయిన పెద్దోళ్ళు వచ్చి చూసిపోతారు గందా. తిరిగెళ్ళే దారి కనపడొద్దూ?" అంది బంగారి.

"పెద్దోళ్ళొచ్చేది అంతకు ముందు అమాసకే అత్తా," అంది సూరాలు. "నెల తిరక్కుండా మళ్ళీ వస్తారా? దివ్వెలు లచ్చిందేవికి. చీకటింట్లో ఆవిడ అడుగు పెట్టదు."

"మా అత్త అట్టా అనేది కాదు. వానలకి పుట్టిన పురుగంతా దివ్వెల్లో పడి చస్తదనేది."

"మీ అత్తకి దేవుడూ పురుగూ ఒకటే."

"పురుగైతే చచ్చేది. నేను కళ్ళారా చూశా. లచ్చిందేవి మా ఇంటికి ఇంకా రాలా."

ఇలా కాసేపు సాగింది. ప్రమిదకు ఎంత నూనె పడుతుందన్న దగ్గర మాత్రం ఇద్దరి మాటా కలిసింది.

"పండగ ఇంకా ఆరు రోజులుంది కదా, ఇప్పుడే గంప ఎత్తావేం?" అంది చెంగల్వ. "ఆశ్వయుజ అమావాస్య దాకా..."

"ఆశ్వయుజమేంటి సాములూ," అంది సూరాలు, సిద్ధాంతిని పైనుంచి కిందిదాకా చూసి. "అది పున్నమితోనే పోయింది. ఇది కార్తీకం. ఇయాల కార్తీక బహుళ నవమి. మాంత్రికుడి కొండ మీద ఎవరో రాజుబిడ్డని బలి ఇస్తన్నారంట ఈ మిట్టమజ్జానం. జనం తిరిగొచ్చే దారిలో అమ్ముదామని గంప మోసుకుపోతన్నా."

చెంగల్వ గడ్డం ఒక పక్కకు జారింది.

చిన్నప్పుడు నాయనమ్మ చెప్పిన కథ ఆమెకు ఆ నీళ్ళ మధ్యలో గుర్తొచ్చింది. ఒకప్పుడు రెండు ఒడ్లూ ఒకే రాజ్యం. రాజు పోయాక కొడుకులిద్దరూ ఏనుగులు పంచుకున్నారు, కొండలు పంచుకున్నారు, చివరికి నది నీళ్ళు పంచుకున్నారు. ఇక పంచుకోవడానికి నెల ఒక్కటే మిగిలింది. చీకటితో ముగిస్తే కొత్త చంద్రుడితో పాటు కొత్త నెల మొదలుపెట్టవచ్చు, నెల అమావాస్యతో ముగియాలన్నాడు పెద్దవాడు. ఏ పనైనా నిండుగా ముగియాలి, నెల పున్నమితోనే ముగియాలన్నాడు చిన్నవాడు. పెద్దవాడు దక్షిణానికి పోయాడు, చిన్నవాడు ఉత్తరాన ఉండిపోయాడు. అప్పటి నుంచీ పున్నమి వెళ్ళిన మర్నాడు ఉత్తరపు ఒడ్డున కొత్త నెల పుడుతుంది. దక్షిణపు ఒడ్డున పాత నెలే ఇంకో పదిహేను రోజులు నడుస్తుంది. ఆ పున్నమి వెళ్ళి ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఇంటి దగ్గర ఆశ్వయుజం, ఇక్కడ కార్తీకం.

కథ విన్నప్పుడు ఆమె నవ్వింది. ఏడు తరాలు గడియలు లెక్కపెట్టిన ఇంటి పిల్ల, గడియ అటూ ఇటూ కాకుండా నడిచి వచ్చి నెల దగ్గర బోర్లా పడింది. పుట్టి ఒడ్డు తగలకముందే నీళ్ళలోకి దూకి పరుగెత్తింది.

మధ్యాహ్నానికి పన్నెండు గడియలుంది. ధూమ్రగిరి రెండు ఆమడల దూరం. కాళ్ళతో అయ్యే పని కాదు. చింతతోపు మలుపు దగ్గర, తెల్లటి గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని నడిపిస్తూ పట్టుపంచె కట్టిన ఒక యువకుడు ఎదురయ్యాడు. సిద్ధాంతిని చూడగానే అతని ముఖం వెలిగింది.

"నమస్కారం సిద్ధాంతిగారూ. సమయానికి దేవుడిలా కనిపించారు. కొత్త అల్లుణ్ణని మా మామగారు పండక్కి ఈ గుర్రం పెట్టారు. మొదటిసారి ఎక్కడానికి మంచి ఘడియ చెప్పే దిక్కులేక పొద్దుటినుంచీ పక్కన నడుస్తున్నాను."

చెంగల్వ పంచాంగం తిరగేసింది. తిరగేసింది తలకిందులుగా అని అతను గమనించలేదు. "సాయంత్రం దాకా మీకు మంచిది లేదు నాయనా. మొదట ఎక్కినవాళ్ళకి ఎముక విరిగే యోగం ఉంది."

"అయ్యో. పరిహారం లేదా?"

"అశ్వినీ నక్షత్రంలో పుట్టినవాళ్ళు ఎవరైనా ముందుగా ఎక్కి, రెండు ఆమడలు నడిపి వస్తే దోషం వాళ్ళకి పోతుంది."

"మీ నక్షత్రం ఏమిటండీ?"

"అశ్విని," అంది చెంగల్వ, విధికి తలవంచినట్టు.

అతను చేతులు జోడించి, కళ్ళెం అందించి, దారిలో తినమని నాలుగు అరటిపళ్ళు కూడా ఇచ్చాడు. ఆమె కనుమరుగయ్యేదాకా ఆ విరగబోయే ఎముకను తలచుకుని జాలిపడుతూ నిలబడ్డాడు.

గుర్రం గాలిని చీల్చుకుంటూ పోయింది. జొన్నచేలు, గొర్రెల మందలు, ఎండిన వాగులు వెనక్కి జరిగిపోయాయి. ఏడు గడియల్లో ధూమ్రగిరి ఎదురుగా లేచింది. నల్లటి కొండ. శిఖరం మీద రాగి కప్పుల కోట నిప్పుకణికలా మెరుస్తోంది. కొండ చుట్టూ మాంత్రికుడి ముళ్ళవనం. బారెడేసి ముళ్ళున్న కంపలు పాముల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని కదులుతున్నాయి. ఆ కంపల ఇవతలే జనం ఆగిపోయి, తినుబండారాలు విప్పుకుని, బలి శంఖం కోసం ఎదురుచూస్తున్నారు.

పైన కోటలో గంట మోగింది. మోగగానే కంపలు రెండుగా చీలి సన్నని దారి తెరుచుకుంది. పది ఊపిరులు తీసేలోగా మళ్ళీ మూసుకుంది. దారిలో చిక్కుకున్న ఒక కుందేలును ముళ్ళు పైకెత్తి, తిప్పి చూసి, లోపలికి లాక్కున్నాయి.

గడియకోసారి దారి తెరుచుకుంటుందన్న మాట. గంట మోగాక గుర్రాన్ని అదిలిస్తే అందదు. మోగేముందే దౌడు అందుకోవాలి. గడియకు మూడువందల అరవై ఊపిరులు. చెంగల్వ గుర్రాన్ని వెనక్కి తీసుకుపోయి, కళ్ళు మూసుకుని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పక్కన ఎవరో ఆమెకు మరమరాలు పెట్టబోయారు. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. మూడువందల యాభై దగ్గర మడమలతో గుర్రాన్ని పొడిచింది. అది నేరుగా ముళ్ళ గోడ మీదికి దూకింది. జనం కెవ్వుమన్నారు. గుర్రం ముక్కు ముళ్ళకు తగలబోయే క్షణంలో గంట మోగింది, గోడ చీలింది. ఇటువైపు నుంచి దూసుకుపోయి అటువైపు తేలేసరికి గుర్రం తోక సగం, సిద్ధాంతి గడ్డం సగం ముళ్ళ పాలయ్యాయి.

కోట ద్వారం బార్లా తెరిచి ఉంది. నీడలో ముగ్గురు కావలివాళ్ళు గండ్రగొడ్డళ్ళు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరి మీసం మీద నిమ్మకాయ నిలుస్తుంది.

"ఎవరు మీరు?" అన్నాడు పెద్దవాడు, లేవకుండానే.

"సిద్ధాంతిని. లోపలికి పోవాలి."

"అనుమతి లేకుండా వచ్చినోళ్ళని నరికెయ్యమని మా దొర ఆజ్ఞ."

చెంగల్వ గొడ్డళ్ళ వంక చూస్తూ గుర్రం దిగింది. కాని ఎవరూ లేవలేదు. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"శుక్రవారం కదా, రాహుకాలం నడుస్తోంది," అన్నాడు రెండోవాడు ఇబ్బందిగా. "మిట్టమధ్యాహ్నానికి గాని విడవదు. ఈలోగా కొత్త పని ఏదీ ఎత్తుకోకూడదు. నరకడం కొత్త పనే కదా."

"ఎత్తుకుంటే?"

మూడోవాడు ద్వారం పక్కనున్న ఒక రాతి మనిషిని చూపించాడు. ఆ రాయి ముక్కు ముడుచుకుని, నోరు తెరుచుకుని ఉంది. "మా ముందు కావలివాడు. రాహుకాలంలో తుమ్మాడు. మా దొరకి ఇట్టాంటివి పట్టింపు."

"కాసేపు ఇక్కడే నిలబడండి సాములూ," అన్నాడు పెద్దవాడు మర్యాదగా. "విడవగానే నరికేస్తాం."

"నిలబడడం నాకు కొత్త పని అవుతుంది కదయ్యా. నడక పొద్దుటే మొదలుపెట్టాను. నడుస్తూనే ఉండాలి."

పెద్దవాడు ఆలోచించాడు. "అదీ సబబే."

"లోపలికి పోయాక మాయమైపోకండి మరి," అన్నాడు రెండోవాడు వెనకనుంచి. "మేం వచ్చి వెతుక్కోవాలి."

"ఎక్కడికి పోతానయ్యా, బలిపీఠం దగ్గరే ఉంటాను."

బలిపీఠం కోట నడిమధ్యన, నాలుగు వందల స్తంభాల మండపం ముందు ఉంది. నల్లరాతిలో చెక్కిన తామరపువ్వు అది. రేకుల చివర పద్మరాగాలు. రేకుల మధ్య ధూపం సుడులు తిరుగుతోంది. వాస్తు కుదరలేదని దాన్ని మూడుసార్లు పెకలించి మూడు దిక్కులకు జరిపిన గుంటలు చుట్టూ కనిపిస్తున్నాయి. ఒక పక్క తొట్టిలో రాగి గిన్నె తేలుతోంది. ఇంకో పక్క స్తంభానికి, పట్టుతాళ్ళతో, పైడన్నను కట్టేశారు. ముత్యాల తలపాగా, మెడలో ఎర్రగన్నేరు దండ. మూడు నెలల్లో కొంచెం ఒళ్ళు చేశాడు.

ధూమ్రకేశుడు కత్తి పట్టుకుని గిన్నెనే చూస్తూ నిలబడ్డాడు. పొగరంగు జుట్టు నేల దాకా వేలాడుతోంది. రెండు చేతులకూ కలిపి పదిహేడు తాయెత్తులు ఉన్నాయి. ముల్లోకాలనూ గడగడలాడించే మనిషే, కాని బల్లి పడితే ఆ రోజు ఇల్లు కదలడు.

పీఠం ముందు ఇనుప మూత వేసిన గొయ్యి ఉంది. అందులో సంకల్ప భూతం నిద్రపోతుంది. బలికి ముందు మాంత్రికుడు సంకల్పం చెప్పాలి. తాను ఎక్కడ నిలబడ్డాడో, ఏ అయనంలో, ఏ ఋతువులో, ఏ నెలలో, ఏ పక్షంలో, ఏ తిథిన, ఏ వారాన, ఎవరిని ఇస్తున్నాడో వరసగా చెప్పాలి. అంతా సరిగ్గా ఉంటే భూతం లేచి బలిని తీసుకుని శక్తిని ఇస్తుంది. ఒక్క ముక్క తప్పితే చెప్పినవాణ్ణి తీసుకుంటుంది. గొయ్యి అంచున పదకొండు జతల పావుకోళ్ళు వరసగా పెట్టి ఉన్నాయి. ఒకాయన మబ్బు విడవలేదని శరత్తును వర్షర్తువన్నాడట. ఇంకొకాయన తిథి నిన్ననే వెళ్ళిపోయిందని చూసుకోలేదట. మిగతా తొమ్మిది మంది ఏం తప్పారో చెప్పేవాళ్ళు లేరు.

పైడన్న తల ఎత్తి చూశాడు. సగం గడ్డం సిద్ధాంతి లోపలికి రాగానే అందరిలా బలిపీఠాన్ని చూడకుండా, మొదట గిన్నెను చూసింది. అతను చెల్లెల్ని గుర్తుపట్టాడు. కళ్ళు పెద్దవి చేసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. భయంతో ఊపుతున్నాడని చెంగల్వ అనుకుంది.

గిన్నె మునిగింది. గంట మోగింది. రాహుకాలం విడిచింది. అన్నమాట ప్రకారం ముగ్గురు కావలివాళ్ళూ గొడ్డళ్ళతో పరుగెత్తుకొచ్చి సిద్ధాంతి వెనక నిలబడ్డారు. సరిగ్గా అప్పుడే ధూమ్రకేశుడు కత్తి ఎత్తి గొంతు సవరించుకోవడంతో, దొర సంకల్పం చెబుతుంటే నరకవచ్చో లేదో వాళ్ళకు తెలియలేదు.

"...దక్షిణాయనే, శరదృతౌ..."

ఇనుప మూత కింద ఏదో ఒళ్ళు విరుచుకుంది. మూత రెండంగుళాలు లేచింది.

"...కార్తిక..."

"కార్తీకమేనా స్వామీ?" అంది చెంగల్వ.

మండపంలో ధూపం కూడా ఆగినట్టయింది. గొడ్డళ్ళు లేచాయి. ధూమ్రకేశుడు ఎడమ చెయ్యి ఎత్తి వాటిని ఆపాడు. భూతం మూత లేచి ఉన్నప్పుడు ఎంతటి మాంత్రికుడైనా అనుమానాన్ని తోసిపుచ్చడు.

"ఏమన్నావు?"

"తమరు నిలబడింది కార్తీకంలోనే, అందులో సందేహం లేదు. కాని బలిమనిషిది దక్షిణపు ఒడ్డు. అతనికి ఇంకా ఆశ్వయుజం నడుస్తోంది. గడువు రాసిన లేఖ కూడా తమరు ఆ ఒడ్డుకే పంపారు. ఏ నెల అప్పజెబుతున్నారో తేల్చుకుని చెప్పండి. పావుకోళ్ళు ఇప్పటికే పదకొండు జతలున్నాయి."

ధూమ్రకేశుడి నుదుట చెమట పట్టింది. "కొండ నాది. నెల నాది."

"నిజమే స్వామీ. మెడ అతనిది."

మూత పూర్తిగా పక్కకు దొర్లింది. గోతిలోంచి బురదరంగు తల ఒకటి పైకి వచ్చింది. బండి చక్రమంత ముఖం, పుసులు కట్టిన కళ్ళు. అది ఆవులించి, ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"ఎవరో ఒకరు నెల చెప్పండి," అంది భూతం. "లేపి కూర్చోబెట్టి వాదించుకోవద్దు."

"కార్తీకం," అన్నాడు ధూమ్రకేశుడు.

"ఆశ్వయుజం," అంది చెంగల్వ.

"పైన చంద్రుడు ఒక్కడే కదా," అంది భూతం.

"ఒక్కడే."

"మరి నెలలు రెండెందుకయ్యాయి?"

భూతం గోతి అంచు మీద గడ్డం ఆనించి చాలాసేపు ఆలోచించింది. మొత్తానికి, "రెండు నోళ్ళు ఒకే మాట చెప్పే రోజున లేపండి," అంది. "అలాంటి రోజు ఉందా అసలు మీకు?"

ధూమ్రకేశుడు దిక్కులు చూశాడు. చెంగల్వ వేళ్ళు మడిచి లెక్క వేసింది. చీకటి పక్షంలోనే నెలలు విడిపోతాయి. అమావాస్య దాటి వెన్నెల పక్షం వస్తే రెండు ఒడ్లకూ ఒకటే నెల.

"కార్తీక శుద్ధ నవమి," అంది. "ఆ రోజు మాకూ కార్తీకమే, వీరికీ కార్తీకమే. ఇవాళ్టికి పదిహేను రోజులు."

"అప్పుడు లేపండి," అంది భూతం. లేచినందుకు ఊరికే పోవడం ఎందుకని పొడుగాటి చెయ్యి చాచి, పైడన్న మెడలోంచి గన్నేరు దండ లాక్కుని నోట్లో వేసుకుని, మూత తనే వేసుకుంది.

ధూమ్రకేశుడు కత్తి కింద పడేసి సిద్ధాంతి కాళ్ళకు దండం పెట్టాడు. కావలివాళ్ళు ముగ్గురూ గొడ్డళ్ళు వెనక్కి దాచుకున్నారు.

"ప్రాణదాతవు. ఆ ఒక్క ముక్క నోట పూర్తిగా వచ్చి ఉంటే నా పావుకోళ్ళు కూడా అక్కడుండేవి. ఏం కావాలో కోరుకో, బందీని విడవమని తప్ప."

"ఈ పదిహేను రోజుల్లో కాలనాగు కుబుసం వస్తే?"

"వస్తే విడిచిపెడతాను. మాట మాటే. కాని ఎక్కడిది సిద్ధాంతిగారూ, నాగుల పండగ శ్రావణంలోనే వెళ్ళిపోయింది కదా."

ఈ ఒడ్డున నాగులకు శ్రావణ పంచమి, తన ఒడ్డున కార్తీక చవితి. కాలనాగు ఎవరి పంచాంగం చూసుకుని కుబుసం విడుస్తుందో చెంగల్వకు మొదటిసారి అనుమానం వచ్చింది. పైకి మాత్రం, "బందీ చెయ్యి ఒకసారి చూడాలి," అంది.

శాలువా ఒకటి తెప్పించి ఆమె భుజాల మీద కప్పి, ధూమ్రకేశుడు పక్కకు తప్పుకున్నాడు. చెంగల్వ స్తంభం దగ్గరికి వెళ్ళి అన్న అరచెయ్యి పట్టుకుంది.

"భయపడకన్నా. పదిహేను రోజులు సంపాదించాను."

"భయమా?" అన్నాడు పైడన్న పెదవులు కదపకుండా. "నీ తెలివి తగలెయ్య. సంకల్పంలో నెల తర్వాత ఏమొస్తుంది?"

"పక్షం. తిథి. వారం."

"తర్వాత?"

చెంగల్వ వేలు అతని అరచేతి గీత మీద ఆగింది.

"తర్వాత బలిమనిషి పేరు," అన్నాడు పైడన్న. "జయకేతనుడు అనేవాడు వీడు. నేను జయకేతనుణ్ణా? భూతం ఎవరిని తినేది? ఆ ఒక్క పేరు వాడి నోట వస్తే చాలని మూడు నెలలుగా యువరాజులా కూర్చున్నాను. యువరాజుకిష్టమట, రోజూ తేనెలో ఊరిన ఉసిరికాయలు మింగాను. ఇంకో నాలుగు మాటలు ఆగలేకపోయావు. మన ఇంట్లో ఎవరికీ లేని తొందర నీకెక్కడిదే?"

చెంగల్వ వెనక్కి తిరిగి చూసింది. ఆమె తెలివికి ప్రాణం దక్కినవాడు వెనకాల కొత్త తాయెత్తు కట్టించుకుంటున్నాడు.

"పోనీలే," అంది చివరికి. "పదిహేను రోజులాగితే మళ్ళీ ఆ పేరే చెబుతాడుగా."

"చెబుతాడు. ఈలోగా వాడికి ఇంకెవరూ జాగ్రత్తలు నేర్పకపోతే."

"సిద్ధాంతిగారూ," ధూమ్రకేశుడి గొంతు ఉత్సాహంగా వినిపించింది. "మీరు నా కళ్ళు తెరిపించారు. నెలే రెండు రకాలుగా ఉండగా, పేరూ గోత్రమూ ఒకటే అని నమ్మడం ఎలా? ఎవరో చెప్పిందే గాని నేను విచారించానా? యువరాజు జాతకం అడిగి తెమ్మని, జన్మనక్షత్రం తల్లినే కనుక్కోమని కదంబగిరికి మనిషిని పంపుతున్నాను. మూడు రోజుల్లో చేరతాడు."

పైడన్న ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. కదంబగిరి అంతఃపురంలో ఇప్పుడు ఉయ్యాల ఊగుతూనే ఉంటుంది. వెళ్ళినవాడికి అసలు యువరాజును వెతుక్కునే పనికూడా ఉండదు. అటు పడమట కాలనాగు, ఇటు దక్షిణాన ఈ దూత. ఉన్నది తను ఒక్కతే.

"నేనూ బయలుదేరతాను," అంది చెంగల్వ, అన్న చెయ్యి వదిలి.

"ఏ దిక్కుకి? శుక్రవారం పడమటికి శూల ఉంటుంది, చూసుకోండి."

"దక్షిణానికి."

"దక్షిణానికి అడ్డం లేదు. క్షేమంగా వెళ్ళి రండి," అని ధూమ్రకేశుడు ఆమెను మనసారా దీవించి, ముళ్ళవనం దారి తెరిచి ఉంచమని మనిషిని పంపాడు.

ఆమె సగం తోక గుర్రం మీద ద్వారం దాటేసరికి, దూత నల్లగుర్రం మీద కొండ మొదట్లో కనిపించాడు. పారిపోతాడనుకుని ఆమె గుర్రాన్ని అదిలించింది. అతను పారిపోలేదు. కళ్ళెం బిగించి, రెండు దారులు చీలే చోట, చేతితో ఎండకు కళ్ళు కాచుకుని ఆమె కోసమే ఆగి ఉన్నాడు. నడుముకు కత్తి, వీపున విల్లు, సంచీలో దొర లేఖ ఉన్నాయి. గుండ్రటి ముఖం, నమ్మకమైన కళ్ళు.

"మీరూ అటే అని దొర చెప్పారు సిద్ధాంతిగారూ. నాకు ప్రాణం లేచొచ్చింది," అన్నాడు. "ఈ కొండ దిగి ఎన్నడూ పోలేదు నేను. కదంబగిరికి ఈ రెండు దారుల్లో ఏదండీ?"

ఎడమవైపు దారి శంఖినీ రేవుకు, దక్షిణానికి పోతుంది. కుడివైపు దారి రాళ్ళు తేలి, తుప్పల్లోంచి పడమటి కొండల్లోకి ఎక్కుతుంది.

చెంగల్వ శాలువా సర్దుకుని గుర్రాన్ని కుడివైపుకు తిప్పింది.

"ఇదే," అంది. "నా వెనకాలే రా."